ఊసరవెల్లికి రక్తపరీక్ష: విని ఊరుకోవాల్సిన సలహాలు

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకి కుక్కపిల్లనో పిల్లిపిల్లనో అడుగుతుందనుకున్నాం. ఊసరవెల్లిని అడిగింది. మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. ఇక్కడ వీల్డ్ కమీలియన్ అనే జాతి ఊసరవెల్లిని ఫారాల్లో పెంచి అమ్ముతారు. దాని పుట్టిల్లు యెమెన్, దానికి ఆనుకున్న సౌదీ అరేబియా నైరుతి కొండలు. నెత్తి మీద కిరీటంలాంటి ఎత్తు ఉంటుంది. మేం తెచ్చుకున్నది ఆడది, ఆకుపచ్చది. మా అమ్మాయి దానికి గోంగూర అని పేరు పెట్టింది.

గోంగూరకి ఏడాది దాటాక ఒక వారం తిండి తగ్గింది. నాలుక విసిరితే పురుగు దాకా అందడం లేదు. చూపించడానికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించమన్నారు, రక్తపరీక్షకి పది రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ పది రోజుల్లో మాకు అందినన్ని సలహాలు మా పెళ్ళికి కూడా అందలేదు. పురుగులు కొనే దుకాణంలో ఒకటి, బల్లులు పెంచే స్నేహితుడి దగ్గర ఒకటి, ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మ దగ్గర రెండు. అందరూ ప్రేమతోనే చెప్పారు. కొన్ని పాటించాం కూడా. వాటి ఫలితం గోంగూర రెండోసారి సూదిమొన మీద అనుభవించింది. అందుకే ఇది రాస్తున్నాను. అమెరికాలో మన పిల్లలున్న ఇళ్ళలో ఈ జంతువులు కొన్ని పెరుగుతున్నాయి. ఆ తల్లిదండ్రులకి ఇది ముందే తెలిస్తే మంచిది.

“వారం రోజులు కాల్షియం బాగా దట్టించండి, రిపోర్టు బాగా వస్తుంది”

అన్నిటికంటే నష్టం చేసింది ఇదే కాబట్టి ముందు దీని సంగతి.

ఊసరవెల్లికి పెట్టే పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకని పురుగుల మీద కాల్షియం పొడి అద్ది పెడతాం. మామూలుగా విటమిన్ డి3 లేని పొడి తరచుగా, డి3 ఉన్నది నెలకి రెండుసార్లు. దుకాణంలో కుర్రాడు “పరీక్ష దగ్గర పడింది కదా, డి3 ఉన్నదే రోజూ వేయండి” అన్నాడు. నాకూ సబబే అనిపించింది. పరీక్షకి ముందు పిల్లాడి చేత రెండు రాత్రులు ఎక్కువ చదివించే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అదే ఊసరవెల్లికీ చేశాను.

రిపోర్టులో కాల్షియం ఉండాల్సినదానికన్నా చాలా పైన వచ్చింది. డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న “పోయిన వారం ఏం పెట్టారు?” అని. చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత విడమరిచి చెప్పారు. ఆడ ఊసరవెల్లి మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. వీల్డ్ కమీలియన్ ఒక్కో విడతకి ఇరవై నుంచి ఎనభై దాకా పెట్టగలదు. లోపల పచ్చసొనలు తయారయ్యేటప్పుడు ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి దిగుతుంది, దానితోపాటు ప్రొటీనూ పెరుగుతుంది. ఆ దశలో రక్తంలో కాల్షియం చాలా ఎక్కువగా ఉండటం జబ్బు కాదు. గోంగూరకి గుడ్లు తయారవుతున్నాయి. ఇప్పుడు ఆ అంకె గుడ్ల వల్ల పెరిగిందా, నేను దట్టించిన పొడి వల్ల పెరిగిందా? ఆ కాగితం చూసి చెప్పడం ఆవిడకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. స్కానింగ్ చేయాల్సి వచ్చింది. రక్తం మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఆ చిన్న ఒంట్లో పోయిన రక్తం మళ్ళీ ఊరాలి కాబట్టి దానికీ కొన్ని వారాలు ఆగాం.

డి3 ఎక్కువైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది ఒంట్లోంచి తొందరగా పోదు. కాల్షియం ఎముకల్లో కాకుండా రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో గట్టిపడుతుంది. ఎ విటమిన్ కూడా అంతే, తక్కువైనా ముప్పు, ఎక్కువైనా ముప్పు. కాబట్టి పరీక్షకి ముందు పొడుల విషయంలో ఏ మార్పూ చేయకండి. రోజూ ఏది పెడుతున్నారో, ఎంత పెడుతున్నారో అదే కొనసాగించండి. డబ్బాలు మాత్రం వెంట తీసుకెళ్ళండి. డాక్టరుకి కావాల్సింది మీ ఇంట్లో ఆ జంతువు మామూలుగా ఎలా బతుకుతోందన్న నిజం.

ఎదురు ముక్క కూడా చెప్పాలి. ఎముకలు మెత్తబడుతున్న ఊసరవెల్లిలో కూడా రక్తంలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు. రక్తంలో తగ్గకుండా శరీరం ఎముకల్లోంచి లాగి సర్దుతుంది. అందుకే రక్తపరీక్షతోపాటు ఎక్స్‌రే అడుగుతారు. రెండో ఖర్చు ఎందుకని మానకండి. నాలుక విసరలేకపోవడం, కొమ్మ పట్టుకున్న వేళ్ళు వణకడం, కాళ్ళు వంకరపోవడం — ఇవి కనిపిస్తే అంకెలు బాగున్నా సరే పట్టించుకోవాలి.

“రెండు రోజులు పస్తు పెట్టండి”

ఇది మన షుగరు పరీక్ష చూసి చెప్పే మాట. పొద్దున్నే పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చే అలవాటు మనది. ఊసరవెల్లి దగ్గర దీనిలో సగం నిజం ఉంది. మాంసాహారి సరీసృపాలకి భోజనం తర్వాత యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. మనకి ప్రొటీను జీర్ణమయ్యాక మిగిలేది యూరియా, వీటికి యూరిక్ ఆమ్లం. మనకి మూత్రపిండాల కోసం చూసే క్రియాటినిన్, యూరియా ఊసరవెల్లి దగ్గర పెద్దగా పనికిరావు, యూరిక్ ఆమ్లమే చూస్తారు. అందుకని ముందు రాత్రి పది పురుగులతో విందు పెడితే మర్నాటి అంకె దాన్నే చూపించవచ్చు.

దీనికి పరిష్కారం పస్తు కాదు. పెద్ద ఊసరవెల్లికి ఎలాగూ రోజు విడిచి రోజు పెడతాం. తినని రోజు పరీక్ష పడేటట్టు తారీఖు తీసుకుంటే చాలు. పిల్లదైతే, చిక్కిపోయినదైతే, జబ్బుగా ఉంటే అది కూడా మీ అంతట మీరు చేయకండి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే “తిండి ఎప్పుడు ఆపాలి, అసలు ఆపాలా?” అని ఫోన్‌లో అడగండి. మత్తు ఇచ్చే పని ఉంటే వాళ్ళు వేరే లెక్క చెబుతారు.

ఎప్పుడు తిన్నది, ఏం తిన్నది, ఎన్ని — ఇది రాసి తీసుకెళ్ళండి. ఆ ఒక్క చీటీ మూడు అనుమానాలు తీరుస్తుంది.

“సిరంజితో నీళ్ళు పట్టించండి, నరం దొరుకుతుంది”

రక్తం ఇచ్చే ముందు మనల్ని నీళ్ళు తాగమంటారు. ఇక్కడ కూడా తర్కం మంచిదే. ఎండిపోయిన జంతువు నుంచి రక్తం తీయడం కష్టం. తీసినా రక్తం చిక్కగా ఉండి ప్రొటీను, యూరిక్ ఆమ్లం లేనిపోని ఎత్తులో కనిపిస్తాయి. కానీ నోరు బలవంతాన తెరిచి సిరంజితో పోస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. న్యుమోనియా వస్తుంది. మీరు వెళ్తున్నది ఒక పరీక్షకి, తిరిగి వచ్చేది ఇంకో జబ్బుతో.

ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగే జంతువు కాదు. ఆకుల మీద జారే చుక్కల్ని నాకుతుంది. పరీక్షకి వారం ముందు నుంచి పొద్దున, సాయంత్రం ఇంకాస్త ఎక్కువసేపు ఆకుల మీద సన్నగా నీళ్ళు చల్లండి. పైనుంచి నిదానంగా చుక్కలు పడే ఏర్పాటు ఉంటే అది కూడా. అది తాగితే తాగింది, లేకపోతే లేదు. తాగుతోందా లేదా తెలుసుకోడానికి రెట్ట చూడండి. దానితో వచ్చే సున్నంలాంటి ముద్ద తెల్లగా ఉంటే మంచిది. పసుపు, నారింజ రంగు తిరిగితే, కళ్ళు లోపలికి పోతే నీళ్ళు చాలడం లేదు. ఈ విషయం పరీక్ష రోజు దాకా దాచకుండా ముందే ఫోన్ చేసి చెప్పండి.

రెట్ట అన్నాను కాబట్టి ఇంకొక మాట. తాజా రెట్టని చిన్న జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, అదే రోజు తీసుకెళ్ళండి. పరాన్నజీవులు ఉన్నాయేమో అందులో చూస్తారు. దీనికి ఎవరూ సలహా ఇవ్వలేదు మాకు. నిజంగా పనికొచ్చేవాటిలో ఇదొకటి.

“కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, కదలకుండా ఉంటుంది”

ఇది చెప్పిన స్నేహితుడు మంచివాడు, బల్లుల్ని ఇరవై ఏళ్ళుగా పెంచుతున్నాడు. అయినా ఇది తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఊసరవెల్లికి సొంత వేడి లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని గుండె, దాని రక్తప్రసరణ, దాని జీర్ణం, దాని రోగనిరోధకశక్తి అంత. చల్లబడితే నెమ్మదిస్తుంది, నిజమే. కానీ నొప్పి పోదు. కదలలేని స్థితిలో నొప్పి భరిస్తుంది. పైగా రక్తం తీయడం ఇంకా కష్టమవుతుంది. చల్లబరచడం మత్తు కాదని సరీసృపాల వైద్యులు చెబుతారు.

దారిలో దాని వేడి దానికి ఉండాలి. కారులో 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. టెక్సస్ ఎండల్లో బండి ఆపి ఏసీ తీసేస్తే నిమిషాల్లో కొలిమి అవుతుంది. “రెండు నిమిషాల్లో వస్తా” అని దాన్ని కారులో వదిలి దుకాణంలోకి వెళ్ళకండి. చలికాలంలో అయితే వేడి ప్యాకెట్టు పెట్టెకి బయట, గుడ్డ చుట్టి పెట్టాలి. లోపల పెడితే తగిలిన చోట కాలుతుంది. పెట్టె చిన్నది, గాలాడేది, లోపల పట్టుకోడానికి ఒక అడ్డపుల్ల, మీద గుడ్డ కప్పి చీకటి. చీకట్లో ఊసరవెల్లి కుదురుగా ఉంటుంది. మనకి కావాల్సిన కుదురు అంతే.

మత్తుమందు మీరు ఇవ్వకండి. మనిషికి ఇచ్చే నిద్రమాత్ర పొడి చేసి ఇచ్చినవాళ్ళ గురించి విన్నాను. ఆ ఆలోచనే రాకూడదు.

“రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చేయండి”

కుక్కకి అలవాటవుతుంది. ఊసరవెల్లికి కాదు. చాలామటుకు మనిషి చెయ్యి దానికి పైనుంచి వచ్చే గద్దే. పది రోజులు రోజూ పట్టుకుంటే పది రోజులూ భయపడింది తప్ప గోంగూర నేర్చుకున్నది ఏమీ లేదు. భయం రక్తంలో కనిపిస్తుంది. ఒత్తిడి వల్ల తెల్లకణాల లెక్క, చక్కెర మారతాయి. పెనుగులాడితే కండరాల నుంచి సీకే అనే ఎంజైము రక్తంలోకి వస్తుంది. ఏఎస్‌టీ అనే ఇంకో ఎంజైము కాలేయంలోనూ ఉంటుంది, కండరంలోనూ ఉంటుంది. రెండూ పెరిగితే కాలేయం చెడిందా, కండరం నలిగిందా అని డాక్టరు తలపట్టుకోవాలి.

పరీక్షకి ముందు వారం దాన్ని దాని మానాన వదిలేయండి. వెళ్ళే రోజు కొమ్మతో సహా పెట్టెలోకి మార్చండి. కొమ్మని పట్టుకున్న కాళ్ళని లాగి విడదీయకండి. గోళ్ళు ఊడొస్తాయి.

“గోరు కొంచెం కత్తిరిస్తే చుక్క రక్తం వస్తుంది కదా, ఇంట్లోనే తీసి ఇవ్వండి”

ఇది మా బంధువొకరు, ల్యాబ్‌లో పనిచేసే ఆయన, సహాయంగా చెప్పిన మాట. కాలిగోరు కత్తిరించి తీసిన రక్తంలో చర్మపు ద్రవం, గోటికి అంటిన మురికి, రెట్టలోని యూరిక్ ఆమ్లం కలుస్తాయి. అంటే మనం కొలవాలనుకున్న దాన్నే బయటి నుంచి కలిపి పంపుతున్నాం. నొప్పి సంగతి సరేసరి.

సరిగా తీసేవాళ్ళు ఎక్కువగా తోక అడుగున, మధ్యగీత వెంబడి, వెన్నుపూసకి ఆనుకుని ఉన్న సిరలోంచి తీస్తారు. మగదానికి జననాంగాలు తోక మొదట్లో లోపల ఉంటాయి కాబట్టి కొంచెం కిందకి జరుగుతారు. కొన్నిసార్లు మెడ దగ్గరి సిర. ఇంటి బల్లిలాగా తోక తెగిపోతుందని మా అమ్మాయి భయపడింది. ఊసరవెల్లికి తోక ఊడదు. దెబ్బ తగిలి తెగితే మళ్ళీ మొలవదు. అందుకే తోకతో జాగ్రత్త, దాన్ని పట్టుకుని ఎత్తకండి.

ఎంత తీస్తారన్న భయం సహజం. సరీసృపాల ఒంట్లో రక్తం బరువులో 5 నుంచి 8 శాతం. గోంగూర అప్పుడు 95 గ్రాములు. అంటే ఒళ్ళంతా కలిపి ఒక టీచెంచా, మహా అయితే ఒకటిన్నర. అందులో పదో వంతు దాకా ఆరోగ్యంగా ఉన్న జంతువు తట్టుకుంటుంది. గోంగూరకి ఆ హద్దు ఇంచుమించు అర మిల్లీలీటరు. జబ్బుగా ఉంటే అంతకంటే తక్కువే తీయాలి. ఆ కొద్ది రక్తంతో ఏం పరీక్షలు చేయాలన్నది డాక్టరు ముందే నిర్ణయించుకోవాలి. అందుకే మీరు ఇంట్లోనే బరువు తూచి తీసుకెళ్ళడం మంచిది. వంటింటి త్రాసు చాలు, గ్రాములు చూపించేది. పోయిన నెల బరువు కూడా రాసి ఉంటే ఇంకా మంచిది. బరువు పడిపోవడం చాలా జబ్బుల్లో రక్తపరీక్ష కంటే ముందు కనిపించే గుర్తు.

తీసిన రక్తాన్ని సాధారణంగా హెపారిన్ గొట్టంలో వేస్తారు. మనుషులకి వాడే ఊదారంగు మూతల ఈడీటీఏ గొట్టం కొన్ని సరీసృపాల ఎర్రకణాల్ని పగలగొడుతుంది. పగిలితే పొటాషియం అబద్ధం చెబుతుంది. ఇంకొక విషయం మాకు ఆశ్చర్యంగా అనిపించింది. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, ఊసరవెల్లి ఎర్రకణాల్లో ఉంటుంది, పక్షులకి, చేపలకి ఉన్నట్టే. అందువల్ల మన రక్తం లెక్కపెట్టే యంత్రం తికమకపడుతుంది. ఎవరో ఒకరు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని గాజుపలక మీద కణాల్ని కళ్ళతో లెక్కపెట్టాలి. రిపోర్టు ఆలస్యమైతే విసుక్కోకండి.

“పక్కవీధి కుక్కల డాక్టరుకి చూపించినా చాలు”

చాలదు. ఆయన మంచి డాక్టరే కావచ్చు. తోక అడుగు సిర పక్కనే లింఫ్ నాళాలుంటాయి. సూది అటు పోతే రక్తంలో నీరు కలిసినట్టవుతుంది, అన్ని అంకెలూ పలచబడతాయి. అది చూసి గుర్తుపట్టాలంటే చేసిన అనుభవం కావాలి. అమెరికాలో సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఉంది, ఏఆర్‌ఏవీ అంటారు. మీ ఊరికి దగ్గర్లో ఎవరున్నారో వాళ్ళ జాబితాలో వెతకవచ్చు. ఫోన్ చేసినప్పుడు “ఊసరవెల్లులకి రక్తం తీసిన అలవాటుందా, నెలకి ఎన్ని?” అని అడగడానికి మొహమాటపడకండి. మన పిల్లల డాక్టర్ని ఇంతకంటే ఎక్కువే ప్రశ్నలడుగుతాం.

వెళ్ళేటప్పుడు బోను ఫోటోలు తీసుకెళ్ళండి. దీపం కింద ఎంత వేడి, నీడలో ఎంత, రాత్రి ఎంత, రాసుకోండి. యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల దీపం పెట్టి ఎన్ని నెలలైందో తప్పకుండా చెప్పండి. ఆ దీపం వెలుగు బాగానే ఉన్నా అందులోని యూవీబీ ముందే తగ్గిపోతుంది, అందుకే ఆరు నెలల నుంచి ఏడాది లోపు మారుస్తారు. “కిటికీ దగ్గర ఎండ పడుతోందిగా” అనేవాళ్ళు కూడా ఎదురవుతారు. అద్దం యూవీబీని దాదాపుగా రానివ్వదు. ఎండ వేడి ఒక్కటే వస్తుంది. ఎముకలకి అది చాలదు. మా గోంగూర నాలుక జబ్బుకి అసలు మూలం అక్కడే తేలింది. మేం దీపం మార్చి పద్నాలుగు నెలలైంది.

“చక్కగా పచ్చగా ఉంది, దీనికి పరీక్షెందుకు?”

రంగు చూసి ఆరోగ్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన భాషలో ఊసరవెల్లి అంటే రంగులు మార్చే మోసగాడని పేరు పెట్టేశాం. పాపం అది ఎవర్నీ మోసం చేయదు. కొమ్మ రంగులో కలిసిపోవడానికే రంగు మారుస్తుందన్నది కూడా పొరపాటు. ఎండ కాగడానికి ముదురు రంగుకి తిరుగుతుంది. పోటీదారు ఎదురైతే రంగులు విప్పుతుంది. భయం వేస్తే ముదురుతుంది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు మడగాస్కర్ ఊసరవెల్లి చర్మకణాల్లో అతి సన్నని గ్వానిన్ స్ఫటికాలుంటాయని, వాటి మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతుందని చూపించారు.

రంగు దాని మాట. కానీ అది అన్ని సంగతులూ చెప్పదు. అడవిలో నీరసం చూపించిన జంతువుని ఎవరో ఒకరు తినేస్తారు. అందుకే ఇది జబ్బుని ఓపిక ఉన్నంతకాలం దాస్తుంది. బయటికి కనిపించేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. యూరిక్ ఆమ్లం కూడా అలాంటిదే. మూత్రపిండాల్లో చాలా భాగం పాడయ్యాక గాని పెరగదు. పెరిగి స్ఫటికాలై కీళ్ళలో, అవయవాల్లో పేరుకుంటే దాన్ని గౌట్ అంటారు. నీళ్ళు చాలని ఊసరవెల్లుల్లో ఇది ఎక్కువ.

“రిపోర్టులో ఎర్రగా చూపించినవన్నీ జబ్బులే”

రిపోర్టు ఫోన్‌కి వచ్చిన రాత్రి నేనూ ఇదే తప్పు చేశాను. ఎరుపు కనిపించిన ప్రతి అంకెనీ పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. పక్కన రాసిన “మామూలు” హద్దులు మన రక్తం హద్దుల్లాంటివి కావు. ఊసరవెల్లి జాతులు రెండు వందలకి పైగా ఉన్నాయి. ఒక్కో జాతికి, ఆడకి, మగకి, గుడ్లున్న కాలానికి, ఎండాకాలానికి, చలికాలానికి అంకె మారుతుంది. అన్నిటికీ సరిపడా నమూనాలు ఎవరి దగ్గరా లేవు. కాల్షియంలో కూడా మొత్తం అంకె కంటే అయోనైజ్డ్ కాల్షియం అనేది ఎక్కువ చెబుతుంది. దాన్ని చేసే వసతి ఉందేమో అడగండి.

దీనిలోంచి తేలిందొక్కటే: మీ ఊసరవెల్లికి నమ్మదగిన హద్దు దాని పాత రిపోర్టే. ఒంట్లో బాగున్నప్పుడు ఒకసారి తీయించి పెట్టుకుంటే, బాగోనప్పుడు తీసినదాన్ని పోల్చడానికి ఆధారం దొరుకుతుంది.

“తీసిన చోట పసుపు రాయి, సాంబ్రాణి పొగ పట్టు”

ఇవి మా అమ్మవి. సూది గుచ్చిన చోట తోక మీద నల్లటి మచ్చ పడింది. కమిలింది, అంతే. తరచుగా అవుతుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. పసుపు మీద నాకూ గురి ఉంది. కానీ ఆ మచ్చ పెరుగుతోందా, వాస్తోందా అని చూడాల్సింది మనమే. పసుపు రాస్తే ఆ రంగే కనపడదు. ఏమీ రాయకండి. పొగ అసలొద్దు, దాని ఊపిరితిత్తులకి పడదు.

అమ్మకి చెప్పాల్సిన తీరులో చెప్పాను. “అమ్మా, అది నీ మనవరాలి ప్రాణం, దాని దగ్గర పొగ పెట్టకే” అన్నాను. దిష్టి మాత్రం తీసింది, బోనుకి దూరంగా, నిమ్మకాయతో. అడ్డు చెప్పలేదు.

ఇంటికి తెచ్చాక ఆ రోజంతా దాన్ని బోనులో వదిలేయండి. నీళ్ళు చల్లండి. తిండి సాయంత్రానికో మర్నాటికో పెట్టండి, తినకపోయినా బలవంతం వద్దు. రెండు రోజులు దాటినా ముట్టకపోతే, తోక వాచితే, కళ్ళు మూసుకుని పగలు నిద్రపోతుంటే ఫోన్ చేయండి. పగలు కళ్ళు మూసుకున్న ఊసరవెల్లి అలసిపోయిందనుకోకండి. అది జబ్బుతో ఉంది.

ఆంధ్రాలో, తెలంగాణలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. మన మెట్టపొలాల గట్ల మీద, తుమ్మచెట్ల మీద కనిపించేది మన సొంత భారతీయ ఊసరవెల్లి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జీవి. దాన్ని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. దానికి విషం లేదు, ఎవర్నీ ఏమీ చేయదు. తోటలో తిరిగే తొండ, ఇది ఒకటి కాదు. రోడ్డు దాటుతూ కనిపిస్తే దాటనివ్వండి. దెబ్బతిని ఉంటే అటవీశాఖకి చెప్పండి, ఇంటికి తీసుకెళ్ళి వైద్యం చేయకండి. విదేశీ ఊసరవెల్లిని పెంచేవాళ్ళు దాన్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదు లేకుండా అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి.

గోంగూర రెండో పరీక్షకి మేం మామూలు పొడి, మామూలు తిండి, కొత్త దీపంతో వెళ్ళాం. ఇంట్లో రాసిన చీటీ, రెట్ట ఉన్న జిప్ కవరు, బోను ఫోటోలు ఇచ్చాం. మిల్లీలీటరులో పదింట నాలుగు వంతుల రక్తం తీశారు. పెనుగులాడలేదు. కాల్షియం దిగింది, యూరిక్ ఆమ్లం మామూలుగా ఉంది. ఆ నెలే నలభై ఒక్క గుడ్లు పెట్టింది, మట్టితొట్టెలో తానే గుంట తవ్వుకుని. ఇప్పుడు నాలుక మళ్ళీ నిండుగా విసురుతోంది.

మీ ఇంట్లో ఊసరవెల్లి ఉంటే, దానికి ఇంకా రక్తపరీక్ష చేయించకపోతే, ఈ వారం సరీసృపాల డాక్టరుకి ఫోన్ చేసి తారీఖు తీసుకోండి. అది బాగున్నప్పుడే తీసుకోండి.